ఒక మూల కుంగి, ఒక మూల ఉబ్బిన ఇల్లు

మొదట బేస్‌మెంట్ అన్న మాట సంగతి చెప్పేస్తాను, లేకపోతే సిటీలో ఉండేవాళ్లు కార్లు పెట్టుకునే సెల్లార్ అనుకుంటారు. మా వైపు బేస్‌మెంట్ అంటే నేల మట్టం నుంచి ఇంటి గచ్చు దాకా లేచే గోడ, లోపల పూడిక పోసి పైన ఫ్లోరింగ్ వేసే భాగం. గోదావరి డెల్టాలో నేల కింద గది కట్టాలని ఎవరూ అనుకోరు, కాలువలు పారే రోజుల్లో నాలుగడుగులు తవ్వితే నీళ్లే. ఇక్కడ నేను బేస్‌మెంట్ గోడ అన్నచోటల్లా ఆ రెండున్నర అడుగుల గోడే అనుకోండి.

ఇల్లు భీమవరం నుంచి ఉండి అనే ఊరికి వెళ్లే దారికి కాస్త లోపల, ఓ పల్లెటూళ్లో. ఇంటాయన రైసుమిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు, పిల్లలిద్దరూ హైదరాబాదు, ఇంట్లో భార్యాభర్తలే. 2022 మే నెలలో ఫోన్ చేశారు. "ఇంజినీరుగారూ, జాకీల వాళ్లు వచ్చి చూసి వెళ్లారండి, ఇల్లు మొత్తం మూడడుగులు లేపేస్తామంటున్నారు, అడ్వాన్స్ ఇచ్చేముందు మీకు ఓసారి చూపిద్దామని." జాకీల మీద నాకు కోపమేమీ లేదు. ఊళ్లో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది వేస్తూ పోతే ఇళ్లన్నీ గోతుల్లోకి వెళ్తున్నాయి, వాటిని లేపడం తప్ప దారి ఉండదు. ఈ ఇంటికీ ఆ జబ్బు ఉంది, రెండున్నర అడుగుల బేస్‌మెంట్‌లో రోడ్డు వైపు పది అంగుళాలే మిగిలింది. కానీ నేను వెళ్లి చూసేసరికి అసలు జబ్బు అది కాదని అర్థమైంది.

1996లో కట్టిన ఇల్లు. పిల్లర్లు లేవు, తొమ్మిదంగుళాల ఇటుక గోడల మీదే శ్లాబు. పునాది ఇటుకతో మెట్లు మెట్లుగా కట్టినది, నాలుగడుగుల లోతు, గచ్చు మట్టంలో గోడలన్నిటినీ కలిపి పట్టే కాంక్రీటు బీము, అదే ప్లింత్ బీమ్, లేదు. తూర్పు ముఖం. 2011లో నైరుతి మూల మీద పైన ఒక గది, బాత్‌రూమ్ వేశారు, నైరుతి బరువుగా ఎత్తుగా ఉండాలని వాస్తు చూసినాయన చెప్పాడట. అదే లెక్కలో పెద్ద చెట్టూ నైరుతిలోనే, గోడకు ఎనిమిదడుగుల దూరంలో ఒక నేరేడు చెట్టు, మేడంత ఎత్తుంది. సంపు ఈశాన్యంలో. ఉత్తరాన దారి, దారి అవతల పంట బోదె, బోదె అవతల ఒకప్పుడు వరిచేను, 2017 నుంచి రొయ్యల చెరువు. ఈ నాలుగైదు వాక్యాల్లోనే కేసంతా ఉంది, అప్పుడు నాకూ తెలియలేదు.

నైరుతి గదిలో కిటికీ పై మూల నుంచి శ్లాబు దాకా మెట్లు మెట్లుగా బీట. ఇటుకల మధ్య మాలు వెంట ఎక్కుతూ పోయింది, కింద వెంట్రుక మందం, పైన చిటికెన వేలి గోరు దూరేటంత. దక్షిణం గోడకూ పడమర గోడకూ రెండింటికీ ఉంది. బీట పైన వెడల్పుగా ఉంటే ఆ మూల కిందికి దిగుతోందనో, ఇంటి మధ్య పైకి లేస్తోందనో అర్థం. కింద వెడల్పుగా ఉంటే దానికి తిరగేసిన కథ. ఇది మేస్త్రీలందరికీ తెలిసిందే, కానీ చూడగానే సిమెంటు పాముదామన్న తొందరలో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఈ ఇంట్లో అప్పటికి మూడుసార్లు పామారు.

ఈశాన్యం వైపు వెళ్తే కథ ఇంకోలా ఉంది. అక్కడ గోడలకు బీటలు లేవు, బయటి బేస్‌మెంట్ గోడే పొట్ట పెట్టుకుని ఉంది. నిట్టనిలువు గుండు దారం వేలాడదీస్తే మధ్యలో అంగుళంన్నర బయటికి ఉబ్బింది, సరిగ్గా గచ్చు మట్టంలో అడ్డంగా పొడుగాటి పగులు. లోపల ఫ్లోరింగ్ టైల్స్ కొట్టి చూస్తే డొల్ల శబ్దం, గది మధ్య బంతి పెడితే గోడల వైపు దొర్లుతోంది. ఇక ఉత్తరం, పడమర గోడలు కింది మూడడుగులూ నెమ్ము పట్టి, ప్లాస్టరింగ్ పొరలు పొరలుగా ఊడి, ఇటుక వేలితో గీకితే పిండిలా రాలుతోంది. తెల్లగా ఉప్పు పూసింది. ఎవరో మంచి మాట చెప్పినట్టు ఐదేళ్ల కిందట లోపలి వైపు నాలుగడుగుల ఎత్తున టైల్స్ వేయించారు, నెమ్ము ఏమీ తగ్గలేదు, టైల్స్ దాటి ఐదడుగులకు ఎక్కింది. బయటికి ఆరే దారి మూసేస్తే తడి పైకే పోతుంది కదా.

"అంతా ఆ చెరువేనండి" అన్నారాయన. "చెరువు తవ్వాకే మొదలైంది." చెరువు వాళ్లతో మాటలు కూడా లేవు అప్పటికి, పంచాయతీ దాకా వెళ్లి వచ్చారు. నాకూ మొదట అదే అనిపించింది. అయితే ఆవిడ కాఫీ ఇస్తూ ఒక మాట అన్నారు, "వేసవిలో ఈ బీటలోంచి అవతల వెలుతురు కనపడుతుందండి, వినాయక చవితికి మళ్లీ మూసుకుంటుంది." నాకు అక్కడ చెవి నిక్కింది. చెరువు నీళ్ల వల్ల నేల మెత్తబడి కుంగిపోయే ఇల్లయితే తడి ఉన్నప్పుడు కదా దిగాలి, ఎండినప్పుడు కాదు. పైగా చెరువు ఉత్తరాన, కుంగింది నైరుతి.

అడ్వాన్స్ ఇవ్వొద్దన్నాను. ఒక ఏడాది ఏమీ చేయొద్దన్నాను. నా ఫీజు సంగతి పక్కన పెట్టండి, ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పని ఇంటివాళ్లను ఏడాది ఆగమని ఒప్పించడం. బీటకు అటూ ఇటూ చిన్న మేకులు కొట్టి మధ్య దూరం వెర్నియర్‌తో కొలిచి, ఒక్కో బీట మీద ల్యాబులో వాడే సన్నటి గాజుపలక ఎపాక్సీతో అంటించి తేదీ రాశాను. గోడ కదిలితే గాజు పగులుతుంది, అబద్ధం చెప్పదు. మే నెలలో పై భాగంలో బీట 9 మి.మీ. సెప్టెంబరులో 5. జనవరిలో 6. తర్వాతి మేలో 10. ఏడాదిలో నాలుగైదు మి.మీ. తెరుచుకుని మూసుకుంటోంది, మూసుకున్నప్పుడు మొత్తం మూసుకోవడం లేదు, ఏటా ఒకటో అరో మిగిలిపోతోంది. అంటే ఇల్లు ఊపిరి తీసుకుంటోంది, తీసుకున్నంతా వదలడం లేదు.

డెల్టాలో నేల ఊపిరికి క్యాలెండర్ ఉంది, అది కాలువల క్యాలెండర్. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారినప్పటి నుంచి మా నేలలో తడి వానను బట్టే కాదు, కాలువను బట్టి కూడా నడుస్తోంది. సార్వాకి, అంటే వానాకాలం వరికి, జూన్‌లో నీళ్లు వదిలితే దాళ్వా, అంటే రెండో పంట, కోతల దాకా నేల తడిగానే ఉంటుంది, దాళ్వా అయ్యాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, అప్పటి నుంచి మళ్లీ వదిలేదాకా ఎండే. నల్లరేగడి నెర్రెలు తీసేది ఆ నెలన్నర, రెండు నెలల్లోనే. ఈ మట్టిలో ఉండే బంకమట్టి ఖనిజం, మాంట్‌మోరిల్లనైట్ అంటారు, దాని పొరల మధ్యకు నీళ్లు దూరితే పొంగుతుంది, పోతే కుంచించుకుంటుంది.

ఎంత పొంగుతుందో తెలుసుకోవడానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఆరబెట్టి జల్లించిన మట్టి పది గ్రాములు నీళ్లు పోసిన కొలజాడీలో, ఇంకో పది గ్రాములు కిరసనాయిల్ పోసిన కొలజాడీలో వేసి ఒక రోజు వదిలేయాలి. కిరసనాయిల్లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది, తేడా ఎంతో అదే దాని గుణం. నాకు కిరసనాయిల్లో 12 మి.లీ., నీళ్లలో 25 మి.లీ. వచ్చింది, 108 శాతం. మన ఐఎస్ కోడ్, అంటే భారత ప్రమాణాల లెక్కలో వంద దాటితే ఉబ్బుడు ఎక్కువ అన్న తరగతి. నాలుగడుగుల పునాదితో అలాంటి మట్టి మీద ఇల్లు కట్టి, పైన ఇంకో గది వేశారు.

2023 ఏప్రిల్ ఆఖర్న, కాలువలు కట్టేశాక, మూడు గోతులు తీయించాను. నైరుతి మూల, దక్షిణం గోడ మధ్య, ఈశాన్యం. పునాది అడుగు కనపడేదాకా తవ్వాలి, కిందికి మాత్రం పోకూడదు. నైరుతి గోతిలో మట్టి గట్టిగా ఎండి గడ్డలు గడ్డలుగా ఉంది, నెర్రెల్లోకి చెయ్యి పట్టింది, ఇటుక మెట్ల కిందుగా నేరేడు వేర్లు జడలా అల్లుకుని ఉన్నాయి. దక్షిణం మధ్యలో మామూలు తడి. ఈశాన్యం గోతిలో మూడడుగులకే చెమ్మ, నాలుగడుగులకు నీళ్లు ఊరుతున్నాయి, అదీ ఏప్రిల్ ఎండల్లో.

"చూశారా, చెరువు నీళ్లేనండి" అన్నారాయన. ఇక్కడ నాకు పక్క ఊరి రొయ్యల రైతు సాయం చేశాడు. వాళ్ల దగ్గర ఉప్పు శాతం చూసే చిన్న దుర్బిణీ లాంటి పరికరం ఉంటుంది, రెండు చుక్కలు వేసి వెలుతురులో చూస్తే సాలినిటీ తెలుస్తుంది. వెనామీ రొయ్యల చెరువు కాబట్టి నీళ్లలో ఉప్పు వెయ్యికి ఐదు పాళ్లు చూపించింది. గోతిలో ఊరిన నీళ్లు సున్నా మీదే ఉన్నాయి. మంచినీళ్లు! ఆ రాత్రి సంపు నింపి, వాల్వులన్నీ కట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాం. పొద్దున చూస్తే రెండున్నర అంగుళాలు దిగింది. ఎన్నేళ్లుగా కారుతోందో, పంచాయతీ కుళాయి నీళ్లు కదా, బిల్లు రాదు, ఎవరికీ తెలియదు.

మరి ఆ నీళ్లకు బేస్‌మెంట్ గోడ పొట్ట ఎందుకు పెట్టుకుంది? ఈశాన్యం గదిలో రెండు టైల్స్ తీసి గునపంతో పొడిచాం, పూడికంతా నల్లమట్టే. పునాది తవ్వినప్పుడు వచ్చిన మట్టినే తిరిగి లోపల పోసేశారు, బయట పారేయడానికి ట్రాక్టరు ఖర్చు, పూడిక ఇసుక కొనడానికి ఇంకో ఖర్చు, రెండూ మిగులుతాయని. ఈ పొదుపు డెల్టాలో ఎన్ని ఇళ్లను పాడుచేసిందో నేను లెక్కపెట్టడం మానేశాను. సంపు కారే నీళ్లు ఆ మట్టికి చేరాయి, అది పొంగింది, పైన గచ్చును లేపింది, పక్కన గోడను తోసింది. అంటే ఒకే ఇంట్లో ఒక మూల ఎండి దిగుతోంది, ఎదురు మూల తడిసి లేస్తోంది. చెరువు పాత్ర లేదని అనను. ఉత్తరం వైపు నేల వేసవిలో కూడా పూర్తిగా ఎండకుండా చూస్తోంది, దానివల్ల రెండు మూలల మధ్య తేడా ఇంకా పెరిగింది. కానీ మొదటి ముద్దాయి సంపు, రెండో ముద్దాయి పూడిక, మూడోది నేరేడు చెట్టు. వాస్తుకు ఇందులో ఏ పాపమూ లేదు, చెట్టుకీ గోడకీ మధ్య దూరం చూసుకోకపోవడమే తప్పు.

ఉప్పు సంగతి మిగిలింది. చెరువు మొన్నటిది, గోడలోని ఉప్పు పాతది. కట్టినప్పుడు ఏ నీళ్లు వాడారని అడిగితే ఆయనకు గుర్తులేదు, ఆవిడకు గుర్తుంది. "వేసంగిలో కట్టామండి, కాలువ కట్టేశారు, బోరు నీళ్లతోనే కలిపారు, వాటితోనే తడిపారు. ఆ నీళ్లు నోట్లో పెట్టుకోలేం." అదీ సంగతి. ఉప్పు మొదటి రోజు నుంచి ఇటుకలోనే ఉంది, చెమ్మ ఎక్కినప్పుడల్లా దాన్ని పైకి తెచ్చి, ఆరినప్పుడల్లా గింజలుగా కట్టి ఇటుకను లోపలి నుంచి పిండి చేస్తోంది. నేల చెమ్మ గోడలోకి ఎక్కకుండా అడ్డంగా వేసే పొర, డీపీసీ అంటారు, అదీ వేయలేదు.

ఇక చేసిన పని. మొదటి రూపాయి సంపు మీదే పెట్టించాను. రిపేరు చేయలేదు, పగలగొట్టి పూడ్చి, నేల మీద ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించాం, ఈశాన్యంలోనే. నేల మీద నీళ్లేమిటని ఆయన కొంచెం నసిగారు, ఊళ్లో పంతులుగారు ఫర్వాలేదన్నాక ఊరుకున్నారు. పై బాత్‌రూమ్ పైపు నైరుతి మూలలో నేల మీదే వదిలేసి ఉంది, దాన్ని మురుగు కాలువ దాకా తీసుకెళ్లాం.

చెట్టు దగ్గర పెద్ద గొడవ. ఆయన కొట్టేద్దామన్నారు, ఆవిడ ఒప్పుకోలేదు, నేను ఆవిడ పక్షం. ప్రేమతో కాదు. అంత చెట్టు ఒక్కసారి తీసేస్తే అది రోజూ తాగే నీళ్లన్నీ మట్టిలోనే ఉండిపోతాయి, ఏళ్ల తరబడి ఎండిన మట్టి మెల్లగా పొంగడం మొదలుపెడుతుంది, కుంగిన మూల ఈసారి లేస్తుంది. అప్పుడు బీటలు కొత్తచోట వస్తాయి. కొమ్మలు మూడో వంతు కొట్టించి, గోడకు మూడడుగుల దూరంలో ఆరడుగుల లోతు సన్నటి కందకం తీసి, మందపాటి పాలిథిన్ షీటు నిలబెట్టి కాంక్రీటు పోశాం, వేర్లు ఇటు రాకుండా. రెండేళ్లకోసారి కొమ్మలు తగ్గించమని చెప్పాను.

నైరుతి మూలకు పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపే కాంక్రీటు స్తంభాలు, వేయాలని నిర్ణయించాను. పునాది కింద ముక్కలు ముక్కలుగా తవ్వి కాంక్రీటు నింపే పాత పద్ధతి కూడా ఉంది, కానీ ఎంత లోతుకని పోతాం? ఎండ, వానల ప్రభావం ఈ మట్టిలో మూడున్నర మీటర్ల దగ్గరికి వచ్చేసరికే దాదాపు పోతుంది, అంత లోతు మనిషి దిగి తవ్వడం ఈ జిగట మట్టిలో ప్రమాదం. అందుకే అండర్‌రీమ్డ్ పైల్స్. ఈ మట్టి కోసం మన దేశంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. చేత్తో తిప్పి తవ్వే ఆగర్‌తో ఒక అడుగు వ్యాసం బోరు వేసి, అడుగున ప్రత్యేకమైన కత్తులున్న పరికరంతో ఉల్లిగడ్డలా వెడల్పు చేస్తారు, బోరుకు రెండున్నర రెట్లు. ఆ ఉల్లిగడ్డ తడి పెద్దగా మారని లోతులో కూర్చుంటుంది, పైనుంచి బరువు మోస్తుంది, మట్టి పొంగినప్పుడు పైకి లేవకుండా లంగరులా పట్టుకుంటుంది. దక్షిణం గోడకు లోపల రెండు బయట రెండు, పడమర గోడకు అలాగే, మొత్తం ఎనిమిది. గోడకు అటూ ఇటూ బీములు, ఆ రెండింటినీ మూడడుగులకొక చోట గోడలోంచి అడ్డంగా కాంక్రీటు ముక్కలతో కలపడం. బీములు పైల్స్ దగ్గర ఆపేయకుండా గోడల చివరిదాకా లాగాం.

మొదటి బోరు నా అత్యాశతో పోయింది. మూడున్నర మీటర్లకు మంచి గట్టి మట్టి తగిలింది, అక్కడ ఆగాల్సింది, ఇంకో మీటరు వెళ్తే ఇంకా బాగుంటుందని వెళ్లాను. నాలుగున్నర దగ్గర సన్న ఇసుక పొర, ఒక్కసారిగా నీళ్లు తన్నుకొచ్చి బోరు పక్కలు జారి కూర్చుండిపోయాయి. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు, గోడకు రెండడుగుల దూరంలో ఇసుక జారడమంటే మాటలు కాదు. పనికి ముందు కొత్తగా అంటించిన గాజుపలకలు పొద్దున్నే చూసుకున్నాను, పగల్లేదు. ఆ బోరును కాంక్రీటుతో నింపేసి, రెండడుగులు పక్కకు జరిగి, మిగిలినవన్నీ మూడున్నర దగ్గరే ఆపాను. డెల్టాలో మట్టి కింద ఇసుక, ఇసుక కింద మట్టి, నది ఎప్పుడు ఎటు తిరిగిందో దాన్ని బట్టి మారుతూ ఉంటుంది, పక్కింటి బోరు లెక్క మనకు పనికిరాదు. తెలిసే చేశాను, అదీ బాధ.

రెండో తప్పు మేస్త్రీది అనొచ్చు, కానీ చెప్పకపోవడం నాది. ఇలాంటి మట్టిలో బీము అడుగుకీ నేలకీ మధ్య నాలుగు అంగుళాల ఖాళీ వదలాలి, మట్టి పొంగితే బీమును తాకకుండా ఆ ఖాళీలోకి పోతుంది. సెంట్రింగ్ తీసిన సాయంత్రం నేను లేను. మర్నాడు వెళ్లేసరికి ఆ ఖాళీలన్నిట్లో మట్టి కూరి, దిమ్మిసతో కొట్టి, నీటుగా చేసి పెట్టారు. "కింద డొల్లగా ఉంటే బీము దిగిపోద్ది కదండి, అందుకని గట్టి చేశాం" అన్నాడు మేస్త్రి, మెచ్చుకుంటానని చూస్తూ. ముప్పై ఏళ్లుగా ఏ బీము కిందైనా అదే చేశాడు పాపం. ఇద్దరు మనుషులు రెండు రోజులు సన్న గడ్డపారలతో దాన్నంతా తోడారు. ఖాళీలోకి పక్కల నుంచి మట్టి జారకుండా బయటి వైపు ఇటుక అడ్డు పెట్టాం.

ఈశాన్యం గది పని ఎక్కువ మురికి, తక్కువ ఇంజినీరింగ్. గచ్చు మొత్తం తీసి నల్లమట్టి అంతా బయటికి తోలించాం, ఎనిమిది ట్రాక్టర్లు. పొట్ట పెట్టుకున్న బేస్‌మెంట్ గోడను మూడడుగుల ముక్క తీసి కట్టడం, మధ్యలో మూడడుగులు వదిలి ఇంకో ముక్క, మొదటిది గట్టిపడ్డాక వదిలినవి తీయడం, ఇలా ఒక వరసలో ఎప్పుడూ రెండు ముక్కలకు మించి ఖాళీ లేకుండా తిరగకట్టాం. ఆ పని జరిగినన్ని రోజులూ పైన శ్లాబుకు జాకీ పైపులు. లోపల ఇసుక ఆరంగుళాల పొరలుగా పోసి నీళ్లు పెట్టి కుదించాం. ఉప్పు లేని ఇసుకేనా అని ప్రతి లోడూ నోట్లో వేసుకుని చూశాడు మా సూపర్‌వైజర్, అంతకన్నా చవకైన టెస్టు లేదు.

నెమ్ము గోడలకు టైల్స్, ప్లాస్టరింగ్ అన్నీ ఐదడుగుల దాకా కొట్టేసి, ఉప్పును పొడి బ్రష్‌తో దులిపాం. కడగలేదు, కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పిండైపోయిన ఇటుకలు తీసి కొత్తవి పెట్టాం, గచ్చు మట్టం కిందుగా రెండు వరసల ఇటుకలను ముక్కలు ముక్కలుగా తీసి వాటర్‌ప్రూఫింగ్ కలిపిన కాంక్రీటు నింపాం, 1996లో వేయని డీపీసీ అన్నమాట. తర్వాత ఆరునెలలు ఇటుకలు బయటికే వదిలేశాను. ఊళ్లో వాళ్లు వచ్చి "డబ్బులైపోయాయా బాబాయ్" అని ఆయన్ను ఏడిపించారట. ఆరాక ప్లాస్టరింగ్ సున్నంతో చేయించాను, సిమెంటు కాదు. పాత మండువా ఇళ్ల గోడలు చూడండి, చెమ్మ వస్తుంది పోతుంది, గోడ మాత్రం నిలబడుతుంది. సిమెంటు గట్టిది, అందుకే ఇలాంటి గోడకు పనికిరాదు, చెమ్మను బయటికి వదలదు. సున్నం పని తెలిసిన తాపీ మనిషి కోసం పాలకొల్లు దాకా వెళ్లాల్సి వచ్చింది.

చివరగా ఇంటి చుట్టూ ఐదడుగుల వెడల్పు చప్టా, కింద పాలిథిన్ షీటు, గోడ నుంచి బయటికి వాలు. చూరు నీళ్లు పునాది పక్కన పడకుండా, ఎండ పునాది పక్కన మట్టిని కాల్చకుండా. ఖర్చు తక్కువ, దీని విలువ ఇంటివాళ్లకు ఎప్పుడూ అర్థం కాదు. "పార్కింగ్‌కి బాగుందండి" అన్నారు.

జూన్‌లో కాలువలు వదిలేసరికి నేల కింది పనంతా అయిపోయింది, బీటలు మాత్రం అలాగే నోరు తెరుచుకుని ఉన్నాయి. ఇక్కడే ఆయనతో నాకు మాట పట్టింపు వచ్చింది. ఎనిమిది లక్షల దాకా ఖర్చు పెట్టాను, కనపడే బీట మాత్రం మీరు పూడ్చరు అన్నారు. నిజమే, ఎవరికైనా కోపమొస్తుంది. కానీ మే నెలలో గోడ అన్నిటికన్నా ఎక్కువ తెరుచుకుని ఉంటుంది, అప్పుడు గట్టి సిమెంటు కూరితే వానలకు మట్టి పొంగి గోడ మూసుకోవాలని చూసినప్పుడు ఆ సిమెంటు అడ్డుపడుతుంది, పక్క ఇటుక పగులుతుంది. ముందు మూడుసార్లు పామించినవి ఊడింది అందుకే, మూడూ వేసవిలోనే చేశారు. పునాది పని వేసవిలో, బీట పని కార్తీకం దాటాక, నా లెక్క ఇదే. సంక్రాంతికి అల్లుడు వస్తాడు, భీమవరం చుట్టుపక్కల పండగంటే తెలుసు కదా, ఈ గోడలు చూపించి ఎక్కడ పడుకోబెట్టాలి అని ఆవిడ టెన్షన్. డిసెంబరులో మొదలుపెట్టి పండక్కి పూర్తి చేస్తానని మాటిచ్చాను.

డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫాను వచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, మా వైపు కోతకొచ్చిన సార్వా చేలు పడిపోయాయి, కళ్లాల్లో ధాన్యం తడిసిపోయింది. అలాంటప్పుడు ఇంటి బీటల గురించి ఫోన్ చేసి అడగడానికి నాకే సిగ్గేసింది. వాన తగ్గాక వెళ్లి చూస్తే చప్టా మీద నీళ్లు నిలవలేదు, ఈశాన్యం గది గచ్చు డొల్ల లేదు, బీట 6 మి.మీ. దగ్గరే ఉంది. నిరుడు ఇదే రోజుల్లోనూ దాదాపు అంతే. రోడ్డు వైపు నుంచి మాత్రం గుమ్మం మెట్టు దాకా నీళ్లొచ్చాయి. రోడ్డు ఎత్తు సమస్యకు నేను చేసిందల్లా గేటు దగ్గర చిన్న దిమ్మ, పక్కన కాలువ. అది తీరలేదు, తీరిందని చెప్పను.

డిసెంబరు మూడో వారంలో బీటలు కుట్టాం. నాలుగు వరసలకొకసారి మాలు అంగుళంన్నర లోతు గీకి, బీటకు అటు అడుగున్నర ఇటు అడుగున్నర వచ్చేలా ఎనిమిది మి.మీ. స్టెయిన్‌లెస్ చువ్వలు పెట్టి గ్రౌట్‌తో మూసేశాం. బీటలోకి అడుగుకొక గొట్టం పెట్టి కింద నుంచి పైకి పల్చటి సున్నం సిమెంటు పాలు పంపాం, పై గొట్టంలోంచి కారే వరకు. భోగికి రెండు రోజుల ముందు రంగు వేశారు.

ఆ తర్వాత వేసవి, సెప్టెంబరు రెండుసార్లూ వెళ్లి కొలిచాను, మళ్లీ 2025 మేలో. పాత బీటల్లో కదలిక లేదు, ఉన్నా వెర్నియర్‌కు అందనంత. పైల్స్ ఉన్న భాగం అయిపోయి మామూలు పునాది మొదలయ్యే చోట దక్షిణం గోడకు సన్నటి గీత ఒకటి కొత్తగా వచ్చింది, అర మి.మీ. లోపు. వస్తుందని ముందే చెప్పి ఉంచాను, ఒక మూల గట్టిగా నిలబడి మిగతా ఇల్లు కాలువలతో పాటు కదులుతుంటే ఆ అతుకు దగ్గర కనపడక తప్పదు. ఆ గీత మీద గాజుపలక అంటించి, సెప్టెంబరులో చూద్దాం, దీన్ని మాత్రం ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి వచ్చాను. సెప్టెంబరులో వెళ్తే పలక కనపడలేదు. "అల్లుడుగారు చూసి గోడ పగిలిందనుకుంటాడేమోనని, పెయింటర్ వస్తే దాని మీద కూడా వేయించేశానండి" అన్నారావిడ. వేలితో తడిమితే రంగు కింద గాజు తగిలింది, పగల్లేదు.